మగ ఫాంజాన్

దొనాసియెన్ పెరట్లో ఉన్న ఫాంజాన్ చెట్టుదీ అతని కూతురిదీ ఒకటే వయసు. లుదివీన్ పుట్టి, బొడ్డు ఎండి ఊడిపడ్డ రోజున, దాన్ని ఉతికిన గుడ్డపేలికలో చుట్టి, వంటపాక వెనక గొయ్యి తీసి పాతిపెట్టి, దాని మీద జానెడు మొక్క నాటాడు. అతనేదో వింత పని చేశాడని కాదు. వాళ్ల ఊరు బ్రా-క్రూలో బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లో చేసేదే. కొందరు పీచ్ చెట్టు నాటుతారు, కొందరు కాఫీ, చేతికేమీ దొరకనివాళ్లు అరటిపిలక. ఎవరినైనా మీది ఏ ఊరని అడగాల్సి వస్తే, నీ బొడ్డెక్కడ పాతారని అడుగుతారు అక్కడ.

దొనాసియెన్‌కి మాత్రం ఫాంజానే కావాలనిపించింది. అది చూడ్డానికి తాటిచెట్టులా నిటారుగా లేస్తుంది, నెత్తిన గొడుగులా మట్టలు విప్పుతుంది. జాతికి మాత్రం తాడీ కాదు, ఈతా కాదు. తడిగోడల పగుళ్లలో మొలిచే ఫెర్న్ మొక్కలకి పెద్దన్న. కొండ మీద బెబూర్ అడవి నిండా అవే. ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా పుట్టని చెట్టు తన కూతురి బొడ్డు మీద ఉండాలని అతని ముచ్చట. అప్పట్లో పాలబండి నడిపేవాడు. కొండ దిగే దారిలో రోడ్డు గట్టున మొలిచిన పిల్ల ఫాంజాన్‌ని వేళ్లతో సహా పెళ్లగించి, పాల క్యాన్ల మధ్య కూర్చోబెట్టి ఇంటికి తెచ్చాడు.

అది ఎదిగిన తీరు చూసి ఊరే ముక్కున వేలేసుకుంది. అడవిలో ఫాంజాన్ నిమ్మళంగా, బొచ్చుకుక్కలా గోధుమరంగు పీచు కప్పుకుని ఎదుగుతుంది, మనిషెత్తు రావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. ఇది లుదివీన్ బడికి పోయేనాటికి వంటపాక కప్పు దాటింది, పదో తరగతికి వచ్చేనాటికి ఇంటి కప్పు దాటింది. మాను నున్నగా, సన్నగా, ఎత్తుగా.

"మగ ఫాంజాన్ మరి," అనేవాడు దొనాసియెన్, అడిగినవాడికీ అడగనివాడికీ. "అడవిలో ఉన్నవి ఆడవి. ఇంటిపట్టున ఉంటాయి. మగది ఆగుతుందా?"

ఊళ్లో అందరూ అదే మాట అనేవారు. పిల్ల మొక్కలు అడిగి తీసుకెళ్లి మరికొందరు నాటుకున్నారు. దొనాసియెన్ భార్య ఇదాలీకి అన్నయిన జెర్వే ఏకంగా తన కంచె పొడుగునా వరసగా పెట్టాడు. బ్రా-క్రూకి మగ ఫాంజాన్లు అలా వచ్చాయి.

లుదివీన్ చదువు మొత్తం మొక్కల మీదే సాగింది. ఇప్పుడు కింద సముద్రం పక్క టౌన్లో ఉంటూ, అడవిలో ఏ లోయలో ఏ ఫెర్న్ ఇంకా బతికుంది, ఏది అంతరించింది అని వెతికి గుర్తులు పెట్టడం ఆమె ఉద్యోగం. మోకాళ్లలోతు బురదలో తిరిగి శనివారం సాయంత్రానికి కొండెక్కి అమ్మానాన్నల దగ్గరికి వచ్చేది. వచ్చీ రాగానే కాఫీ అయినా ముట్టకుండా నిచ్చెన వేసుకుని ఫాంజాన్ ఎక్కేది. ముదురు మట్టలన్నీ కోసి, గోనెసంచుల్లో కుక్కి, మూతులు బిగించి కట్టి, వెళ్లేటప్పుడు కారు వెనక వేసుకుపోయేది.

"దానికి మళ్లీ క్షవరమా?" అనేవాడు దొనాసియెన్ కింద నిచ్చెన పట్టుకుని. "పెళ్లికొడుకుని చేస్తున్నావా ఏం?"

"ముదురు మట్టల్లో ఎలుకలు చేరతాయి నాన్నా."

"మరి కోసినవి పట్టుకుపోవడం దేనికి?"

"ఎలుకలకి ఇద్దామని."

ఆ జవాబుకి అతను నవ్వేవాడు. తన బొడ్డుచెట్టంటే పిల్లకి ఎంత ప్రేమో అనుకుని లోలోపల పొంగిపోయేవాడు.

ఆ ఏడు గొయావ్యే అనే చిట్టి జామపళ్లు ఎర్రబడే రోజుల్లో, లుదివీన్ ఆఫీసు వాళ్లు బ్రా-క్రూ బడిలో మీటింగ్ పెట్టారు. మాట్లాడాల్సింది లుదివీనే. దొనాసియెన్ గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, ముందు బెంచీలో కూర్చున్నాడు. పక్కన ఇదాలీ. వెనక ఊరంతా. బయట ఎప్పటిలాగే వాన.

లుదివీన్ బల్ల మీద రెండు మట్టలు పెట్టింది.

"ఇది చూడండి. మట్ట మొదట్లో గోధుమరంగు నూగు. ఇది మనది, అడవిది. ఇదిగో, దీనికి తెల్లనూగు, మేక గడ్డంలా. ఇది ఆస్ట్రేలియాది. ఎవరో తోటల్లో అందం కోసం తెచ్చారు. దీని ఆకు వెనక ఉండే పొడి గాలికి లేచిందంటే అడవి దాకా పోతుంది, పడ్డచోటల్లా మొలుస్తుంది. మనదాని కంటే మూడింతలు తొందరగా పెరిగి దాని నెత్తిన నీడ కప్పేస్తుంది. మట్ట రాలినచోట మాను మీద బొటనవేలి ముద్ర లాంటి మచ్చ పడుతుంది, నున్నగా. మన ఫాంజాన్ పీచు మీద చిన్న చిన్న ఫెర్న్‌లు ఇళ్లు కట్టుకుని బతుకుతాయి. ఈ నున్నటి మాను మీద వాటికి కాలు ఆనదు. మనది పోతే వాటికి చోటు లేదు. అందుకే ఇళ్లల్లో పెరిగిన ఈ తెల్లనూగు వాటిని నరికెయ్యమని అడగడానికి వచ్చాం."

జెర్వే వెనక బెంచీలోంచి లేచాడు. ఒకప్పుడు ఫాంజాన్ మాను తొలిచి, ఆర్కిడ్ మొక్కలకి తొట్లు చేసి అమ్మినవాడు. అడవి చెట్టు మీద కత్తి పెట్టకూడదని కట్టడి వచ్చాక ఆ పని మానేశాడు. మనసులో మంట మానలేదు.

"అంటే అమ్మాయ్, మా ఇళ్లల్లో ఉన్న మగ ఫాంజాన్లు మగవి కావంటావ్."

"ఫాంజాన్లలో ఆడా మగా ఉండవు మామయ్యా."

"విన్నారా, మా మేనకోడలు మగజాతినే ఎత్తేసింది."

గదంతా నవ్వులు. లుదివీన్ కూడా నవ్వింది. జెర్వే మాత్రం కూర్చోలేదు.

"నిన్నటిదాకా ఫాంజాన్ మీద చెయ్యేస్తే జరిమానా అన్నారు. మా నాయన నేర్పిన పని మానిపించారు. సరే, మానేశాం. ఇవాళ మా పెరట్లో పెంచుకున్నవి నరకమంటున్నారు. మీకు చెట్ల మీద ప్రేమో, మాతో ఆటో ముందు తేల్చుకోండి."

"మామయ్యా, చెప్పేది వి..."

"వింటాం. నరుకుతాం కూడా. ముందు మీ నాన్న పెరట్లోది నరుకు. ఊళ్లో దానికంటే పొడుగు మగాడు లేడు."

దొనాసియెన్ ఒక్క ఉదుటున లేచాడు. "ఒరే బావా, మాదానికీ మీవాటికీ పోలికేంటి? మాది ఈ పిల్ల బొడ్డు మీద పెరిగిన చెట్టు. అసలు సిసలు ఈ గడ్డదే. ఏం తల్లీ, చెప్పు."

లుదివీన్ తండ్రి వైపు చూడకుండా కిటికీలోంచి వాన చూస్తూ ఉంది. చిన్నప్పుడు తను వాళ్లమ్మ జామ్ సీసాని పగలగొట్టిన రోజు కూడా ఇలాగే వాన చూసింది. దొనాసియెన్ మెల్లగా కూర్చున్నాడు. ఇదాలీ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. ఊరు నవ్వడం మానేసింది. అది నవ్వడం కంటే కష్టంగా ఉంది అతనికి.

మీటింగ్ అయ్యేదాకా ఉండకుండా, గొడుగు కూడా మరిచిపోయి ఇంటికొచ్చి నిచ్చెన వేశాడు. మోకాళ్లు పట్టేసినా ఎక్కాడు. మాను మీద బొటనవేలి ముద్రలు, కిందనుంచి పైదాకా, ఎవరో పనిగట్టుకుని నొక్కినట్టు. ఇన్నేళ్లూ అవి చెట్టుకి అందమనుకున్నాడు. పైన మట్ట మొదలు పట్టుకుని తిప్పి చూశాడు. తెల్లనూగు. తడిసి వేళ్లకంటుకుంది.

ఇదాలీ గేటు తీసుకుని వచ్చి కిందనుంచి చూసింది. "అక్కడేం చేస్తున్నావ్? గుడ్లు పెడుతున్నావా?"

"ఇది తెల్లదే."

"తెలుసు. దిగు ముందు, తడిసిపోయావు."

"నీకు తెలుసా?"

"నాకేం తెలుస్తుంది, మీటింగ్‌లో నీ కూతురి మొహం చూశాక తెలిసింది. దిగు."

నిచ్చెన మీద సగంలో ఆగిపోయాడు. శనివారాల క్షవరాలు గుర్తొచ్చాయి. ముదురు మట్టలు, ఆకు వెనక పొడి పండకముందే. గోనెసంచులు, బిగించి కట్టిన మూతులు. ఎలుకలకి ఇద్దామని. పిల్ల ఎన్నేళ్లుగా ఆ చెట్టుని గాలి నుంచి కాపలా కాస్తోందో, తన దగ్గర నోరు మూసుకుని. ఊరంతటికీ నరకమని చెప్పే పిల్ల, ఒక్కదాన్ని మాత్రం దాచింది. అదీ తన కోసం.

లుదివీన్ చీకటి పడుతుండగా వచ్చింది. బూట్లు విప్పుకుంటూ చాలాసేపు తాళ్లతోనే కుస్తీ పట్టింది.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాడు దొనాసియెన్.

"కాలేజీ మొదటి ఏడు. సెలవలకి వచ్చి కారు దిగి తలెత్తి చూశాను, అంతే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అప్పుడే ఎవరో చుట్టానికి దాన్ని చూపిస్తున్నావు. మా అమ్మాయి చెట్టు, మగ ఫాంజాన్ అని. ఆ చుట్టం వెళ్లాక చెబుదామనుకున్నా."

"వెళ్లాడుగా."

"నువ్వు ఆ తర్వాత నాకు చూపించావు."

ఇదాలీ పొయ్యి దగ్గర నవ్వు ఆపుకోలేక దగ్గింది. అన్నం, చూచూ తీగ ఆకుకూర, మిరపకాయల రుగాయ్ పచ్చడి బల్ల మీద పెట్టింది. ముగ్గురూ తిన్నారు.

"దాన్ని ఉంచుదాం నాన్నా," అంది లుదివీన్ చివరికి. "నేను కోస్తూనే ఉంటాను. పొడి రాలనివ్వను. మామయ్యవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

"ఏం చెబుతావ్? మా నాన్నది వద్దు, మీది నరకండనా?"

లుదివీన్ కంచం తీసుకుని కడగడానికి లేచింది.

మర్నాడు దొనాసియెన్ తనే అడిగాడు, ఆ చిన్న ఫెర్న్‌లేవో చూపించమని. ఇంటి వెనక లోయలోకి దిగారు. బాట అంటూ లేదు. లుదివీన్ ముందు, వేళ్లు పట్టుకుని దిగుతూ, మధ్యమధ్యలో వెనక్కి చెయ్యి అందిస్తూ. ముసలి ఫాంజాన్ ఒకటి వాగు మీదకి వంగి ఉంది, గోధుమరంగు పీచు నీళ్లు పీల్చి నల్లబడింది. ఆమె దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇదిగో."

ముందు అతనికేమీ కనపడలేదు. తర్వాత కనపడింది. ఉల్లిపొర అంత పల్చటి ఆకు, వేలిగోరంత, వెలుగు ఈవల నుంచి ఆవలకి పోతోంది. పక్కన ఇంకొకటి. నీటిబొట్టు బరువుకే వంగిపోతున్నాయి.

"ఈ లోయలో నాకు తెలిసి ఈ ఒక్క మాను మీదే ఉంది," అంది, ఎవరో పసిపిల్ల నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి. గోటి వెనకభాగంతో ఆకు అంచుని ఒక్కసారి తాకి చెయ్యి తీసేసింది. దొనాసియెన్ ఆకుని చూడ్డం మానేసి కూతుర్ని చూశాడు. వాళ్లమ్మ ఈ పిల్లని తొలిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు పెట్టిన మొహమే, ఇప్పుడు ఈ పిల్ల పెట్టింది.

వాగు అవతల గట్టున కుర్ర ఫాంజాన్లు గుంపుగా లేచి ఉన్నాయి, నున్నటి మెడలు సాచి.

"అవి ఎవరి పిల్లలు?"

"మామయ్య కంచెవి అయ్యుంటాయి."

"మనవి కావా?"

అబద్ధమాడటం ఆమెకి రాదు, మాట్లాడకుండా ఉండటమే వచ్చు. "నేను కొయ్యడం మొదలుపెట్టాక రాలినవైతే కాదు. అంతకు ముందువి చెప్పలేను నాన్నా."

తిరిగి ఇల్లు చేరేసరికి చెట్టు కొట్టెయ్యాలని దొనాసియెన్ నిశ్చయించుకున్నాడు. అతని బాధ చెట్టు పోతుందని కాదు. ఫుల్బేర్ అని ఒకడుండేవాడు ఊళ్లో. వాడి బొడ్డు మీది పీచ్ చెట్టుని గోడ కట్టడానికి కొట్టేశారు. ఆ ఏడే వాడు ఓడెక్కి పోయాడు, మళ్లీ బ్రా-క్రూ మొహం చూడలేదు. గోడకీ ఓడకీ సంబంధం లేదని దొనాసియెన్‌కి తెలియక కాదు. తెలిసినా, శనివారం సాయంత్రం కొండెక్కి వచ్చే ఆ పాత కారు చప్పుడు ఒక శనివారం వినపడకపోతే, అప్పుడు తను దేన్ని తిట్టుకోవాలి? ఇదాలీతో ఆ మాట చెప్పాడు. ఆమె జామ్ కోసం పళ్ల గింజలు తీస్తూ వింది.

మరుసటి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక రంపం తీశాడు. కబురెలా పాకిందో ఏమో, జెర్వే అప్పటికే కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. అతని వెనక మరో నలుగురైదుగురు. ఎవరి మొహంలోనూ వెటకారం లేదు. ఊళ్లో ఒక బొడ్డుచెట్టు పోతుంటే వెటకారం చెయ్యరు.

దొనాసియెన్ టోపీ తీసి పక్కన పెట్టాడు. మాను మొదట్లో కొంచెం రమ్ము పోశాడు. రంపం పళ్లు మానుకి ఆనించాడు. అంతే. చెయ్యి కదల్లేదు. వాన అతని బట్టతల మీద పడి చెవుల వెనక నుంచి కారుతోంది. లుదివీన్ వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్ నాన్నా. నిజంగా వదిలెయ్."

అప్పుడు వంటపాకలోంచి ఇదాలీ వచ్చింది, చేతిలో జామ్ గరిటెతో.

"కొయ్యి," అంది. "దాని కింద ఏమీ లేదు."

దొనాసియెన్ తలెత్తాడు. "ఏంటే?"

"ఏమీ లేదంటున్నా. నువ్వు పాతిన మర్నాడే కుక్క వచ్చి తవ్వింది. గుడ్డమూట బయట పడేసింది. నేను చూసి తీసుకొచ్చి వంటపాక గడప కింద పెట్టాను. పైన రాయి వేశాను. ముప్పై ఏళ్లుగా దాని మీంచే నడుస్తున్నాం."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే కుక్కని చంపేసేవాడివి. అప్పుడు నీకు కోపం ఎక్కువ, పనీపాటా తక్కువ."

"అయితే ఇన్నేళ్లూ దీనికి నీళ్లు ఎందుకు పోసినట్టు నేను?"

"ఈ ఊళ్లో నువ్వు పోసేదేంటయ్యా, పైవాడు రోజూ పోస్తుంటే? జామ్ మాడిపోతోంది. కొయ్యదల్చుకుంటే తొందరగా కొయ్యి."

గరిటె ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. కంచె మీద ఎవడో కిసుక్కుమన్నాడు. జెర్వే గట్టిగా నవ్వేశాడు. లుదివీన్ తండ్రి భుజం మీద నుదురు ఆనించి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కదిలిపోతోంది. దొనాసియెన్ చెట్టుని ఒకసారి పైనించి కిందకి, ఇన్నాళ్లూ తన ఇంట్లో వేరే పేరుతో తిని తిరిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. కోపం రాలేదు. పాపం దానికి మాత్రం ఏం తెలుసు, ఎక్కడ మొలిపిస్తే అక్కడ మొలిచింది.

"నువ్వా కొస పట్టుకో తల్లీ," అన్నాడు.

తండ్రీ కూతురూ చెరోపక్కన కూర్చుని రంపం లాగారు. మాను లోపల మెత్తన, తొందరగానే తెగింది. చెట్టు గొయావ్యే పొదల మీదకి ఒరిగి, మట్టలన్నీ ఒక్కసారి దులుపుకుని పడుకుంది. పెరట్లోకి ఆకాశం వచ్చింది.

జెర్వే కంచె దాటి వచ్చి మొద్దుని గోటితో గీకి చూశాడు, చేతివృత్తివాడి అలవాటు చొప్పున. "దీంట్లో ఆర్కిడ్ తొట్టి కాదు కదా, ఉప్పుడబ్బా కూడా రాదు."

"పొడుగు మగాడన్నావుగా."

"పొడుగే గానీ సరుకు లేదు." కాసేపు మొద్దు చుట్టూ తిరిగాడు. మేనకోడలి వైపు చూడకుండా అన్నాడు: "నావి వచ్చే ఆదివారం తీసేద్దాం. బావా, నువ్వే వచ్చి కొయ్యి, అమ్మాయికి రంపం వంకరగా పోతోంది. మా చెల్లెల్ని మాత్రం తేవద్దు. నా కంచె కింద నుంచి కూడా ఏదో ఒకటి తవ్వి తీస్తుంది."

ఆ వెనక ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే, మాది రెండే, మాది ఒకటే, వాన తగ్గాక చూద్దాం అంటూ గొణుక్కుంటూ వెళ్లారు. వాన తగ్గడం బ్రా-క్రూలో జరిగే పని కాదని అందరికీ తెలుసు. అయినా లుదివీన్ మొహం కడుక్కోకుండానే లోయ వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది. ఎవరూ పిలవలేదు.

భోజనాలయ్యాక దొనాసియెన్ వంటపాకలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఇదాలీ కాఫీ వడపోస్తోంది. అతను గడప వైపు చూశాడు. బండరాయి, అరిగి నున్నబడింది.

"ఇదాలీ."

"ఊఁ."

"ఆ ఏడు మనకి కుక్క లేదు కదే."

"మా అన్నవాళ్లది."

"మీ అన్నకి కుక్కలంటే భయం. వాడు బాతుల్ని పెంచేవాడు."

ఇదాలీ కాఫీ గిన్నె అతని ముందు పెట్టింది. "అయితే బాతే తవ్వింది. తాగు, చల్లారిపోతోంది."

దొనాసియెన్ ఆమె వైపు చూశాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన నిప్పుని ఊదుతోంది. ఊదాల్సిన పనేమీ లేదు. అతను కాఫీ తాగాడు. బాగుంది.

అంతలో లుదివీన్ చేతులు తుడుచుకుంటూ పెరట్లోంచి లోపలికి రాబోయింది. "నాక్కూడా కాఫీ," అంటూ గడప మీద కాలు పెట్టబోయింది.

"ఆగాగు," అన్నాడు దొనాసియెన్. "తొక్కకు తల్లీ. దాటి రా."